పేరు ఒకటే, రాజులు వేరు

ఏ ఊరి చావడి దగ్గర నిలబడి ‘నర్సింహా’ అని పిలిచినా నలుగురు తిరిగి చూస్తారు. అందుకే పొడుగు నర్సింహ, వాగు అవతలి నర్సింహ అని జనం గుర్తులు పెట్టుకుంటారు. భూమి కాగితాల దగ్గరికి వచ్చేసరికి ఆ గుర్తులు చాలవు. తండ్రి పేరు, సర్వే నంబరు లేకుండా పహణీలో పేరు ఎక్కించరు. ఎక్కిస్తే ఒకరి చెలక మరొకరి పేరున పడుతుంది. ఆ తర్వాత తరాల తరబడి కోర్టుల చుట్టూ తిరగవలసిందే.

సొంత భూమి విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే జనం ఊరి చరిత్ర విషయానికి వచ్చేసరికి తండ్రి పేరు అడగడం లేదు, సంవత్సరం అడగడం లేదు. గుడి ముందు రాతి మీద ‘రుద్రదేవ’ అని నాలుగు అక్షరాలు కనిపిస్తే చాలు, ఫలానా రాజు కట్టించిన గుడి అని రంగుతో బోర్డు రాసేస్తున్నారు. ఆ బోర్డు చూసి బడిపిల్లలు నోటు పుస్తకాల్లో రాసుకుంటారు. ఉత్సవాల కరపత్రాల్లోకి అదే ఎక్కుతుంది. పదేళ్లు గడిస్తే అదే చరిత్ర అవుతుంది.

తెలుగునాట ఈ పొరపాటు ఎక్కువగా జరిగేది రుద్రుడి పేరుతోనే. ఉమ్మడి నల్లగొండ జిల్లా ప్రజలకు ఈ పేరుతో ఉన్న సంబంధం చిన్నది కాదు గనుక, ఆ చిక్కు ఏమిటో విప్పి చూసుకోవలసిన అవసరం ఉన్నది.

కాకతీయుల ఇంట్లోనే ముగ్గురు

తాత పేరు మనవడికి పెట్టుకోవడం నేటి ఆచారం కాదు. కాకతీయ వంశంలో మొదటి బేతరాజు కొడుకు ప్రోలరాజు. ఆ ప్రోలరాజు కొడుకు మళ్లీ బేతరాజు. ఆయన కొడుకు మళ్లీ ప్రోలరాజు. ఈ రెండో ప్రోలరాజు కొడుకే రుద్రదేవుడు. 1158 నుంచి 1195 వరకు రాజ్యం చేసి, హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించినవాడు ఈయన. చరిత్ర పుస్తకాలు కొన్ని ఈయననే మొదటి ప్రతాపరుద్రుడు అని కూడా రాస్తాయి.

రెండో రుద్రదేవుడు మగవాడే కాదు. రుద్రదేవుని తమ్ముడు మహాదేవుడు. మహాదేవుని కొడుకు గణపతిదేవుడు. గణపతిదేవునికి మగ సంతానం లేదు. కూతురు రుద్రమదేవిని సింహాసనం మీద కూర్చోబెట్టి, కొడుకుతో సమానంగా రుద్రదేవ మహారాజు అనే పేరిచ్చాడు. అందువల్ల ఆమె కాలపు శాసనాల్లో చాలాచోట్ల ‘రుద్రదేవ మహారాజులు’ అనే ఉంటుంది. 1262 నుంచి 1289 వరకు ఆమె పాలించింది. సంవత్సరం చూడకుండా పేరు మాత్రమే చదివితే, ఒక ఆడమనిషి చేసిన దానం, ఆమె పాలనలో జరిగిన మంచి పని ఆమెకంటే నూరేళ్ల ముందున్న మగరాజు లెక్కలో పడిపోతుంది. ఆ రోజుల్లో తెలుగు తీరం చూసి వెళ్లిన మార్కోపోలో కూడా ఈ రాణి విషయంలో పొరబడ్డాడు. చనిపోయిన రాజుకు ఆమె భార్య అని రాశాడు. ఆమె ఆ రాజు కూతురు.

మూడోవాడు ప్రతాపరుద్రుడు. రుద్రమదేవి కూతురు ముమ్మడమ్మ కొడుకు. శాసనాల్లో వీరరుద్రుడు అని కూడా కనిపిస్తాడు. 1289 నుంచి 1323 వరకు ఓరుగల్లును ఏలాడు. 1323లో ఢిల్లీ సైన్యం కోటను పట్టుకున్నది. ఆయనను ఢిల్లీకి తీసుకుపోతుండగా దారిలో నర్మదా నది ఒడ్డున ప్రాణం విడిచాడని విలస తామ్రశాసనం చెబుతున్నది.

రాజులతో పని లేకుండానే మరో రుద్రుడు కూడా ఉన్నాడు. ఆయన గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. పాలంపేటలో 1213లో రుద్రేశ్వరాలయం కట్టించినది ఆయన. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన రామప్ప గుడి ఇదే. వేయిస్తంభాల గుడిలోనూ రుద్రేశ్వరుడే, ఇక్కడా రుద్రేశ్వరుడే. కట్టించినవారి పేర్లూ రుద్రుడే. కాని ఒకరు రాజు, ఒకరు సేనాని. రెండు గుళ్లకూ నడుమ యాభై ఏళ్లు తేడా. ఇన్ని ఒకే పేర్లు ఉన్నచోట తొందరపడి రాసిన బోర్డు తప్పు కావడానికే అవకాశం ఎక్కువ.

కటకం నుంచి వచ్చిన ప్రతాపరుద్రుడు

ఇది చాలనట్లు రెండు వందల ఏళ్ల తర్వాత మరో ప్రతాపరుద్రుడు వచ్చాడు. ఈయన కాకతీయుడు కాడు. ఒడిశా గజపతుల వంశం వాడు. కపిలేంద్రుని మనవడు, పురుషోత్తమ దేవుని కొడుకు. రాజధాని కటకం. 1497 నుంచి 1540 వరకు పాలించాడు. ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి కోటల కోసం శ్రీకృష్ణదేవరాయలతో యుద్ధం చేసి, చివరకు ఓడి, కూతురును రాయలకిచ్చి సంధి చేసుకున్నది ఈయనే.

ఈ గజపతికి ఇక్కడి జిల్లాతో పనేమిటని అనుకోవచ్చు. రాయలు గజపతి నుంచి గెలుచుకున్న దుర్గాల వరుసలో నల్లగొండ, అరువపల్లి, ఉండ్రకొండ పేర్లు రాయల శాసనాల్లోనే ఉన్నాయి. అంటే ఈ నేల ఇద్దరు ప్రతాపరుద్రుల ఏలుబడినీ చూసింది. అందువల్ల ఇక్కడ ఎవరైనా ‘ప్రతాపరుద్రుని కాలం నాటిది’ అంటే, ‘ఏ ప్రతాపరుద్రుడు?’ అని ఎదురు ప్రశ్న వేయడం తప్పు కాదు, అవసరం.

పుస్తకాల్లోనూ ఇదే చిక్కు. విద్యానాథుడు అలంకారశాస్త్రం మీద రాసిన ప్రతాపరుద్రీయం కాకతీయ ప్రతాపరుద్రునికి చెందినది. ధర్మశాస్త్ర గ్రంథమైన సరస్వతీ విలాసం గజపతి ప్రతాపరుద్రుని పేరు మీద ఉన్నది. ఒకరి పుస్తకం మరొకరికి అంటగడితే ఇద్దరికీ అన్యాయమే.

రాతిలోనే జవాబు

ఈ చిక్కు విప్పడానికి పెద్ద చదువులు అక్కరలేదు. శాసనం రాసినవారు పహణీ రాసినవారి కంటే తక్కువ జాగ్రత్తపరులు కారు. సంవత్సరం, తిథి, వారం, రాజు బిరుదులు, ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్న దేవుని పేరు, భూమి ఎల్లలు అన్నీ వరుసగా చెక్కించారు. శక సంవత్సరానికి 78 కలిపితే ఇప్పటి లెక్క వస్తుంది. నెలను బట్టి ఒక ఏడు అటూ ఇటూ కావచ్చు. శకం 1080 నుంచి 1117 లోపు అయితే వేయిస్తంభాల గుడి రుద్రదేవుడు. 1184 నుంచి 1211 లోపు అయితే రుద్రమదేవి. 1211 నుంచి 1245 లోపు అయితే కాకతీయ ప్రతాపరుద్రుడు. 1419 తర్వాత అయితే గజపతి. బిరుదు కూడా మనిషిని పట్టిస్తుంది. ‘గజపతి గౌడేశ్వర’ అని ఉంటే ఆయన కాకతీయుడు కాడని చెప్పడానికి పండితుడు కానక్కరలేదు.

మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. శాసనంలో రాజు పేరు ఉన్నంత మాత్రాన ఆ పని రాజే చేశాడని కాదు. ఫలానా మహారాజు రాజ్యం చేస్తుండగా అని కాలం చెప్పడానికి రాజు పేరు వేస్తారు. దాని కింది వరుసలో అసలు దాత పేరు ఉంటుంది. ఆ దాత సేనాని కావచ్చు, వర్తకుడు కావచ్చు, ఊరి పెద్ద కావచ్చు, ఒక బంటు కావచ్చు. పై వరుస చదివి కింది వరుస వదిలేస్తే, భూమి ఇచ్చిన ఊరి మనిషి పేరు మాసిపోతుంది.

చందుపట్ల చెప్పిన నిజం

ఇందుకు సాక్ష్యం జిల్లాలోనే ఉన్నది. నకిరేకల్ మండలం చందుపట్ల శాసనం శకం 1211 నాటిది. అంటే 1289 నవంబరు. కాకతి రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికి శివలోక ప్రాప్తి కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు సోమనాథ దేవరకు భూమి ఇచ్చినట్లు ఆ రాయి చెబుతున్నది. ఈ శాసనం వెలుగులోకి రాకముందు రుద్రమదేవి 1295 ప్రాంతం దాకా రాజ్యం చేసిందని చరిత్ర పుస్తకాలు రాసేవి. ఆమె 1289లోనే కన్నుమూసిందని తేలింది ఈ ఒక్క రాతి వల్లనే. కాయస్థ అంబదేవునితో జరిగిన పోరులో రాణీ, సేనానీ ఇద్దరూ మరణించి ఉంటారని పరిశోధకుల అభిప్రాయం.

రాజధానుల్లో, పెద్ద గుళ్లలో దొరకని నిజం ఒక పల్లెటూరి రాతిలో దొరికింది. దాన్ని చెక్కించినవాడు రాజు కాదు, మంత్రి కాదు. ఒక మామూలు బంటు. ఆ రాతికి ఎవరైనా సున్నం పూసి ఉంటే, లేదా పగలగొట్టి కల్వర్టు కింద వేసి ఉంటే, రుద్రమదేవి చరిత్రలో ఆరేడేళ్లు నేటికీ తప్పుగానే ఉండేవి.

ఊళ్లలో శాసనాల గతి చూస్తే ఈ మాట అనక తప్పదు. పండుగకు గుడికి వెల్ల వేసేటప్పుడు శాసనం మీద కూడా వేస్తారు. ఎనామిల్ రంగు పూసి పైన దాతల పేర్లు రాస్తారు. కొన్నిచోట్ల శాసనపు రాతి మీద కత్తులు నూరుతారు. నిధి ఉన్నదని ఎవరో చెబితే రాత్రికి రాత్రి తవ్వి పడేస్తారు. రాయి పోయాక మిగిలేది పేరు ఒక్కటే. పేరు ఒక్కటే మిగిలితే ఏ రుద్రుడో తేల్చడం ఎవరి తరమూ కాదు.

‘ఎవరు కట్టిస్తేనేమి, గుడి ఉన్నది, దేవుడున్నాడు, చాలదా’ అనే పెద్దలు ఉన్నారు. భక్తికి అది చాలవచ్చు. కాని ఆ గుడికి మాన్యం ఎంత, చెరువు కట్ట ఎక్కడిదాకా, తూము ఎవరు పెట్టించారు అనే సంగతులు కూడా ఆ రాతిలోనే ఉంటాయి. పెద్ద రాజు పేరు చెప్పుకుంటే ఊరికి గొప్ప అని మరికొందరి ఆలోచన. ఊరి గొప్ప అరువు తెచ్చుకున్న రాజు వల్ల రాదు. పువ్వుల ముమ్మడి ఏ రాజ్యమూ ఏలలేదు. అయినా కాకతీయుల చరిత్రలో ఆయన ఊరు లేని పుస్తకం నేడు ఉండదు.

చేయవలసిన పని ఖర్చుతో కూడినది కాదు. శాసనం ఉన్న ప్రతి ఊరి పంచాయతీ ముందు ఆ రాతి ఫొటో తీయించి పురావస్తు శాఖకు పంపాలి. వారు చదివి చెప్పేదాకా బోర్డు రాయించకుండా ఆగాలి. రాసేటప్పుడు రాజు పేరు, వంశం, శక సంవత్సరం, దానం ఇచ్చినవారి పేరు, నాలుగూ రాయాలి. వెల్ల వేసే కూలీలకు శాసనం జోలికి పోవద్దని ముందే చెప్పాలి. బడిలో ఉపాధ్యాయులు పిల్లలను ఒక పూట ఆ రాతి దగ్గరికి తీసుకుపోయి, 78 కలిపే లెక్క అక్కడే నేర్పాలి. సర్పంచులు, గుడి కమిటీలు తలుచుకుంటే వచ్చే గ్రామసభలోనే ఈ తీర్మానం చేయవచ్చు.