మనిషిని ఖర్చు కింద రాయకండి

తుక్కుగూడలో ఉండే మనకి నెత్తిమీద రోజంతా విమానాలే. సముద్రం చూడాలంటే మాత్రం రాత్రంతా ప్రయాణం చేసి విశాఖ చేరాలి. అందుకేనేమో డ్రోన్లు, క్షిపణుల గురించి గంటలకొద్దీ వాదించుకునే మనం ఓడల గురించి పెద్దగా మాట్లాడుకోం. మాట్లాడినా విక్రాంత్ దగ్గరో, సబ్‌మెరైన్ల దగ్గరో ఆగిపోతాం. రోజువారీ చాకిరీ చేసే గస్తీ ఓడ ఎవరికీ గుర్తుకురాదు.

ఆఫ్‌షోర్ పెట్రోల్ వెసెల్, పొట్టిగా ఓపీవీ. సుమారు 100 మీటర్ల పొడవు, ముందు ఒక మధ్యరకం ఫిరంగి, ఒకట్రెండు చిన్న తుపాకులు, వెనక హెలికాప్టర్ దిగే డెక్. యుద్ధనౌకల లెక్కలో ఇది చిన్నదే. కానీ తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా, మొత్తం 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న మన ఆర్థిక మండలిలో తిరిగి కాపలా కాసే పనిలో పెద్ద వాటా దీనిదే.

మన తెలుగు నేల మీద పుట్టిన గస్తీ ఓడ ఒకటుంది. ఐఎన్ఎస్ సావిత్రి. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టారు, 1990లో నౌకాదళంలో చేరింది. 2021లో కోవిడ్ కాలంలో విశాఖ నుంచి బంగ్లాదేశ్‌కి రెండు ఆక్సిజన్ ప్లాంట్లు మోసుకెళ్లింది. 2025 మార్చిలో మయన్మార్ భూకంపం వచ్చిన మర్నాడే సహాయ సామగ్రితో యాంగాన్‌కి బయలుదేరిన మన ఓడల్లో సావిత్రి కూడా ఉంది. అప్పటికి దాని వయసు 34 ఏళ్లు. మన క్లాసులో ఎవరికన్నా పెద్దదే!

గోవాలో కట్టిన ఐఎన్ఎస్ సుమిత్ర కథ ఇంకా గట్టిది. 2015 మార్చి 31న యుద్ధం జరుగుతున్న యెమెన్‌లో, ఏడెన్ రేవు నుంచి 349 మంది భారతీయుల్ని ఎక్కించుకుని జిబూటీ చేర్చింది. 2023లో సూడాన్ నుంచి తొలి విడతలో 278 మందిని దాటించింది. 2024 జనవరిలో సోమాలియా దొంగల చేతిలో చిక్కిన రెండు చేపల పడవల్ని మెరైన్ కమాండోలతో కలిసి ఒకదాని వెంట ఒకటి విడిపించింది. 36 గంటలు కూడా కాకముందే 17 మంది ఇరానీయులు, 19 మంది పాకిస్తానీయులు బయటపడ్డారు.

ఈ పనులన్నీ చేసిన ఓడలో ఉండే సిబ్బంది ఎందరు? ఎనిమిది మంది ఆఫీసర్లు, వందకు కాస్త పైన నావికులు. అంతే.

ఇక్కడే మన ఇంజనీరింగ్ బుర్ర ఒక ప్రశ్న వేస్తుంది. "ఇంజిన్ రూమ్ మొత్తం సెన్సర్లతో నింపేసి, వందమందిని యాభైకి తగ్గించొచ్చు కదా?" ప్రశ్నలో న్యాయం ఉంది. మనిషి తగ్గితే జీతం, పెన్షన్ తగ్గుతాయి. తిండి, నీళ్లు, బంకులు తగ్గి ఓడలో చోటు మిగులుతుంది. ప్రమాదంలోకి వెళ్లేవాళ్లూ తగ్గుతారు. ఇవన్నీ ఒప్పుకుంటా. కానీ లెక్క సగంలో ఆపేస్తున్నాం అంటాను.

పూర్తిగా చేసి చూద్దాం. ఒక కుర్చీలో 24 గంటలూ మనిషి ఉండాలంటే, 4 గంటల డ్యూటీ, 8 గంటల విరామం చొప్పున ముగ్గురు కావాలి. అలాంటి కుర్చీలు 25 అనుకుందాం. 75 మంది అక్కడే అయిపోయారు. మిగిలిన నలభై చిల్లరలో వంటవాళ్లు, వైద్య సహాయకులు, స్టోర్లు చూసేవాళ్లు, మరమ్మతులు చేసేవాళ్లు. ఇప్పుడు అర్ధరాత్రి ఒక అనుమానాస్పద పడవ కనపడింది. దాని మీదకెక్కి తనిఖీ చేయడానికి పదిమంది, వాళ్లని తీసుకెళ్లే బోటు నడపడానికి ఇంకొందరు, తుపాకుల దగ్గర కొందరు, హెలికాప్టర్ లేస్తే డెక్ మీద మంటలార్పే బృందం. వీళ్లంతా ఎక్కణ్ణుంచి వస్తారు? నిద్రలోంచే. సిబ్బంది సగమైతే నిద్ర లేపడానికి కూడా మనుషులుండరు.

అమెరికా నౌకాదళం ఈ పాఠం డబ్బు పోసి నేర్చుకుంది. లిటోరల్ కంబాట్ షిప్‌లకి మొదట 40 మంది కోర్ సిబ్బంది చాలనుకున్నారు. జనం అలిసిపోతుంటే 50 చేశారు, 2016లో సమీక్షించి మొత్తం పద్ధతే మార్చారు. 2017లో వాళ్లవే రెండు పెద్ద యుద్ధనౌకలు సరుకు ఓడల్ని గుద్దుకుని 17 మంది నావికులు చనిపోయారు. దర్యాప్తుల్లో శిక్షణ లోపాలతో పాటు అలసట మాట కూడా వచ్చింది.

సివిల్ వాళ్లని అడగండి, బీమ్‌ని సగటు లోడ్‌కి డిజైన్ చేస్తారా? చెయ్యరు. అత్యధిక లోడ్ తీసుకుని, దానిమీద ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ వేస్తారు. మరి ఓడ సిబ్బందిని మాత్రం మామూలు రోజు అవసరాన్ని బట్టి ఎందుకు లెక్కకట్టాలి? గస్తీ ఓడకి అత్యధిక లోడ్ అంటే ఏడెన్ రేవులాంటి రోజు. సొంత సిబ్బందికి మూడింతల మంది భయంతో, పిల్లలతో మెట్లెక్కి వస్తుంటే వాళ్లకి నీళ్లిచ్చేది, ధైర్యం చెప్పేది సెన్సర్ కాదు.

ఆటోమేషన్ వద్దని కాదు నా వాదన. గేజ్ చూసుకుంటూ కూర్చునే పని యంత్రానికే ఇద్దాం. అలా మిగిలిన మనిషిని ఇంటికి పంపకుండా తనిఖీ బృందానికో, విశ్రాంతికో కేటాయిద్దాం. బ్రిటన్ తన రివర్ క్లాస్ గస్తీ ఓడల్ని దూర సముద్రాల్లోనే ఉంచి, సిబ్బందిని వంతులవారీగా మారుస్తోంది. ఓడకి విరామం లేదు, మనిషికి ఉంది. ఈ పద్ధతి మనమూ ఆలోచించదగ్గదే.

ఇది ఇప్పుడే ఎందుకంటే, 2023 మార్చి 30న రక్షణ శాఖ 11 కొత్తతరం గస్తీ ఓడలకు ఒప్పందాలు చేసుకుంది. ఏడు గోవా షిప్‌యార్డుకి, నాలుగు కోల్‌కతా గార్డెన్‌రీచ్‌కి. సావిత్రిని చూశాం కదా, ఇవీ ముప్పై ఏళ్లకు పైగానే తిరుగుతాయి. వాటిలో బంకులు ఎన్ని అన్నది ఇప్పుడు గీసే గీత. అవి పాతబడేనాటికి వాటి విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ చేసేది మన బ్యాచ్‌ల వాళ్లే కావచ్చు.

అందుకే ఫైనల్ ఇయర్ మిత్రులకి ఒక మాట. ప్రాజెక్ట్ పీపీటీలో 'ప్రయోజనాలు' అన్న స్లైడ్ మీద మొదటి పాయింటుగా 'మ్యాన్‌పవర్ తగ్గింపు' అని అలవాటుగా రాసేస్తాం. ఈసారి రాసే ముందు ఒక్క నిమిషం ఆగండి. మిగిలిన ఆ మనిషి, అర్ధరాత్రి అలారం మోగినప్పుడు ఎక్కడుంటాడో పక్కన ఇంకో లైన్ రాయండి. ఆ లైన్ రాయలేకపోతే డిజైన్ ఇంకా పూర్తి కానట్టే.