ఆట మారితే మారనివ్వండి, ఆగిపోనివ్వకండి

మా అమ్మాయి మూడో తరగతి నుంచి బ్యాడ్మింటన్ ఆడింది. ఎనిమిదో తరగతిలో ఒక టోర్నమెంట్‌లో స్మాష్ కొట్టి కిందికి దిగేటప్పుడు మోకాలు మెలికపడి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు కనీసం తొమ్మిది నెలలు కోర్టులోకి దిగొద్దన్నారు. జిల్లా సెలక్షన్లు ఉన్నాయని ఆరో నెలలోనే పంపింది నేనే. అదే మోకాలు మళ్ళీ దెబ్బతింది. ఈసారి ఆయన, "ఇక పోటీల బ్యాడ్మింటన్ వద్దమ్మా" అనేశారు.

ఆ రోజు ఇంటికి వస్తూ దారిలో, "పోనీలేమ్మా, ఎలాగూ టెన్త్ వస్తోంది. ఇక చదువు మీద దృష్టి పెట్టొచ్చు" అన్నాను. ఓదారుస్తున్నాననే అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ మాటలో నాకు కాస్త ఊరట కూడా ఉంది. పొద్దున్నే అయిదింటికి లేవక్కర్లేదు, కోచింగ్ ఫీజు మిగులుతుంది, స్టడీ అవర్ తప్పదు. నా ఊరట తనకు అర్థమైంది. రాకెట్ తీసి అటక మీద పెట్టేశాను. మూడు నెలలు పుస్తకం ముందు కూర్చుంది గానీ చదవలేదు. మార్కులు పెరగకపోగా తగ్గాయి.

మనలో చాలామందిమి చేసే పొరపాటు ఇదే. దెబ్బ తగిలి ఒక ఆట ఆగిపోతే, పిల్లల జీవితంలో ఆటల అధ్యాయమే ముగిసిందని తేల్చేస్తాం. నిజానికి పోయింది ఒక ఆట మాత్రమే. అన్నేళ్ళు నేర్చుకున్న క్రమశిక్షణ, ఓడినా మర్నాడు మళ్ళీ వెళ్ళే అలవాటు ఎక్కడికీ పోవు. వాటికి ఇంకో చోటు చూపించాలి.

హర్యానాలోని సోనీపత్‌కు చెందిన సుమిత్ అంతిల్ చిన్నప్పుడు కుస్తీ పట్టేవాడు. 2015లో బైకు ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి కింద నుంచి కోల్పోయాడు. ఆ తర్వాత జావెలిన్ పట్టాడు. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లో 68.55 మీటర్లు విసిరి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. 2024లో పారిస్‌లో 70.59 మీటర్లతో మళ్ళీ స్వర్ణమే. అంతకు చాలా ముందు మురళీకాంత్ పేట్కర్ సైన్యంలో బాక్సరు. 1965 యుద్ధంలో తూటా గాయాల పాలయ్యాక ఈతకు మారారు. 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో మన దేశానికి తొలి స్వర్ణం తెచ్చారు.

పతకాల కోసం వీళ్ళ పేర్లు చెప్పడం లేదు. పాత ఆటలో రాటుదేలిన వాళ్ళే అయినా కొత్త ఆటలో ఓనమాల దగ్గర మొదలుపెట్టడానికి సిగ్గుపడలేదు. ఆ తెగువ మన పిల్లల్లోనూ ఉంటుంది. తొందరపెట్టి దాన్ని పాడుచేసేది మనమే.

మా అనుభవంతో తోటి తల్లిదండ్రులకు మూడు మాటలు చెబుతాను. మొదటిది, పిల్లలను బాధపడనివ్వండి. వాళ్ళకు అది చిన్న నష్టం కాదు. రెండోది, డాక్టరును "ఏం చేయకూడదు" అని అడిగి ఊరుకోకండి, "ఏం చేయొచ్చు" అని కూడా అడగండి. మా ఫిజియోథెరపిస్టు ముందు నీళ్ళలో నడిపించి, తర్వాత ఈతకు పంపారు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో మోకాలు మెలితిరుగుతుంది కాబట్టి అది వద్దని, ఫ్రీస్టయిల్ చాలని చెప్పారు. భుజానికి దెబ్బ తగిలిన పిల్లలకు ఇదే ఈత సరిపడకపోవచ్చు. అందుకే ఎవరి దెబ్బకు తగిన సలహా వాళ్ళు తీసుకోవాలి. మూడోది, కొత్త ఆట ఏదో పిల్లలనే ఎంచుకోనివ్వండి. మొదటి ఏడాది సర్టిఫికెట్ల ఊసు ఎత్తకండి.

బడికి కూడా ఒక విన్నపం. కాలికి కట్టు ఉందని గేమ్స్ పీరియడ్‌లో పిల్లలను క్లాసులో కూర్చోబెట్టి లెక్కలు చేయించకండి. గ్రౌండ్‌కు రానివ్వండి. స్కోరు రాయమనండి, అంపైరింగ్ నేర్పండి. ఆడలేని ఆర్నెల్లూ ఆటకు దూరం కాకుండా ఉంటే, తిరిగి మొదలుపెట్టడం తేలికవుతుంది.

"టెన్త్‌లో ఈత ఏమిటండీ?" అని మా ఇంట్లోనే అన్నారు. వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పావు గంట. సెల్‌ఫోన్‌కు పోయే సమయం కన్నా అది తక్కువే. ఈత మొదలయ్యాక తను పుస్తకం ముందు కూర్చుని మళ్ళీ చదువుతోంది. నాకు అది చాలు.

మొదటి నెలంతా ఏడేళ్ళ పిల్లల పక్కన గోడ పట్టుకుని కాళ్ళాడించింది. జిల్లా స్థాయిలో ఆడిన పిల్ల ఇలా ఉందేమిటని నాకే మనసు చివుక్కుమంది. "ఇందులో పోటీలు ఎప్పుడుంటాయి సార్?" అని కోచ్‌ను అడగబోయి, తన ముఖం చూసి ఆగిపోయాను. పోయిన నెల మొదటిసారి 25 మీటర్లు ఆగకుండా ఈదింది. అవతలి గట్టు పట్టుకుని, "అమ్మా, చూశావా!" అని అరిచింది. మూడో తరగతిలో షటిల్ మొదటిసారి నెట్ దాటించిన రోజు కూడా అచ్చం ఇలాగే అరిచింది.

ఆ సాయంత్రం అటక మీది రాకెట్ దించి తన గదిలో గోడకు తగిలించాను.