సంతోషానికి వాయిదాలు వద్దు

వైద్యవృత్తిలో ఉన్నన్నాళ్లూ నేను అనేకసార్లు విన్న మాట ఒకటున్నది: "ఈ ఒక్క బిడ్డ పెండ్లయితే ఇగ రంది లేదు సారూ." ఆ పెండ్లి జరిగేది. ఆ తరువాత ఇల్లు, అటుపైన అప్పు, గల్ఫ్‌కు వెళ్లిన కొడుకు రాక. రంది పేరు మార్చుకొనేది; సంతోషం మళ్లీ వాయిదా పడేది.

ఇతరులను అనడం ఎందుకు? పదవీ విరమణ తరువాత హాయిగా ఉండవచ్చునని నేనూ ఏళ్ల తరబడి ఎదురుచూశాను. తీరా ఆ విశ్రాంతి లభించిన తొలి నెలల్లోనే నాకు నిద్ర కరవైంది. జ్వరం తగ్గిన పసివాడు మరునాడు నన్ను చూసి నవ్వే ఆ ఒక్క క్షణం ఇక లేదని, అంతకాలమూ నన్ను నిలబెట్టింది అదేనని ఆలస్యంగా గ్రహించాను.

భిక్నూర్‌ను మీలో చాలామంది 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళుతూ దాటి ఉంటారు. కొందరికి సిద్ధరామేశ్వరాలయం వలన, మరికొందరికి తెలంగాణ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణం వలన ఆ పేరు పరిచితమే. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లోని అనేక గ్రామాలలో వలెనే ఈ ప్రాంతంలోనూ చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీలు కనిపిస్తారు. తునికాకు నానబెట్టడం, కత్తిరించడం, పొగాకు నింపి చుట్టడం, దారం కట్టడం. కూలి వెయ్యి బీడీల లెక్కన. నలుగురూ ఒకే అరుగు మీద చేరితే చేతుల పని చేతులదే, మాటల పని మాటలదే. ఒకరి కష్టం నలుగురు పంచుకుంటారు. సాయంత్రానికి కట్టలు లెక్క తేలినప్పుడు ఆ ముఖాలలో కనిపించే తృప్తి నిజమైనది.

మనస్తత్వవేత్త మిహాయ్ చిక్సెంట్‌మిహాయీ 1990లో ప్రచురించిన 'ఫ్లో' గ్రంథంలో ఈ తృప్తికి కారణాలను విశ్లేషించారు. లక్ష్యం స్పష్టంగా ఉండాలి. చేసిన దాని ఫలితం వెంటనే తెలియాలి. పని కష్టం మన నేర్పుకు సరితూగాలి. అప్పుడు మనిషి కాలాన్ని మరచి పనిలో లీనమవుతాడు. ఇక అమెరికాలో 1938లో ప్రారంభమై దశాబ్దాల పాటు సాగిన హార్వర్డ్ అధ్యయనం, ఆత్మీయ సంబంధాలు ఉన్నవారే వృద్ధాప్యంలోనూ ఆరోగ్యంగా, ఆనందంగా ఉంటారని చెప్పింది. ఆ అరుగు మీద ఈ రెండూ ఉన్నాయి.

అయితే ఒక హెచ్చరిక. ఆ స్త్రీలు నవ్వుతున్నారు కనుక అంతా బాగున్నదని భావించడం అన్యాయం. పొగాకు ధూళితో వచ్చే దగ్గు, గంటల తరబడి వంగి కూర్చోవడం వలన కలిగే నడుము నొప్పి చిరునవ్వుతో పోవు. వాటికి వైద్యం కావాలి, తగిన కూలి కావాలి, వీలైతే మెరుగైన ఉపాధి కావాలి. సంతోషంగా ఉండమని ఉపదేశించడం ఈ బాధ్యతల నుండి తప్పించుకొనే మార్గం కారాదు.

అట్లే, రెండు వారాలకు మించి దిగులు వీడకపోయినా, ఇష్టమైన పనులపై ఆసక్తి నశించినా, నిద్ర, ఆకలి తగ్గినా అది మనోబలం లేకపోవడం కాదు. కుంగుబాటు అనే వ్యాధి కావచ్చు. దానికి చికిత్స ఉన్నది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. సంకోచించకండి.

ఆరోగ్యం అనుకూలించిన మిగిలిన మనందరం చేయదగినది స్వల్పమే. రోజు పనిలో ఒక భాగాన్నైనా ఫోన్ పక్కన పెట్టి పూర్తి మనసుతో చేయండి. మీ పని వలన ఎవరికి మేలు జరిగిందో రాత్రి పడుకొనే ముందు ఒకసారి తలచుకోండి. ఒక పూట భోజనమైనా ఇంటివారితో కలిసి చేయండి. పని ముగించే వేళను నిర్ణయించుకొని దానిని పాటించండి.

బిడ్డ పెండ్లి కావలసిందే, అప్పు తీరవలసిందే. కానీ అవి తీరేదాకా గడిచే రోజులు కూడా మన ఆయుష్షులోనివే కదా.