గ్రాఫిక్సు కార్డు మందగించినపుడు

కంప్యూటరు తెరపై బొమ్మ తడబడుచు కదలినను, చలనచిత్రము ఆగియాగి నడచినను, మన యిండ్లలో వెంటనే వినవచ్చు మాట యొక్కటే: “గ్రాఫిక్సు కార్డు పోయినది.” ఆ మాట పలుకుటకు క్షణము చాలును. దాని వెంట వచ్చు వ్యయము మాత్రము చీటీపాటలోని సొమ్మునో, పాలు పోసి కూడబెట్టిన పైకమునో మ్రింగివేయును. కావున ఈ మాసము పాత డెస్కుటాపు కంప్యూటరునందలి గ్రాఫిక్సు కార్డును గూర్చి వ్రాయుచున్నాను. ఇది పురుషుల విషయమనియో, పిల్లల విషయమనియో సోదరీమణులు పుట త్రిప్పవలదని ప్రార్థన.

మా ముద్దనూరులో నాకు పరిచితురాలైన యొక సోదరి కుమార్తె ఇంజనీరింగు మూడవ యేడు చదువుచు, బ్లెండరు అను పేర ఉచితముగా లభించు సాఫ్టువేరుతో బొమ్మలు కూర్చుట నేర్చుచున్నది. ఇంటనున్న యంత్రము పాతది. ఇంటెల్ వారి నాలుగవ తరము ప్రాసెసరు, ఎనిమిది జీబీల ర్యాము, 2016లో వెలువడిన జీటీఎక్స్ 1050 టీఐ అను గ్రాఫిక్సు కార్డు దానియందున్నవి. ఒక సంస్థకు నెలాఖరులోగా ఆమె తన బొమ్మలను మాదిరికై పంపవలసియుండెను. ఒక్కొక్క బొమ్మ తయారగుటకు ముప్పావు గంటకు పైగా పట్టుచుండెను. మరమ్మతు చేయువాడు చూచి, కార్డునకు కాలము చెల్లినదనెను. తండ్రి విని, ఆడపిల్లకు ఈ బొమ్మల కొలువెందులకు, యంత్రమును వచ్చిన ధరకు అమ్మివేయుదమనెను. తల్లి నాయొద్దకు వచ్చి, “వదినా, కొత్తది ఏయించాలంట. పద్దెనిమిది వేలంట. పిల్ల హాస్టలుకని కట్టిన చీటీ పాడుకోవాల్నా?” అని యడిగినది.

మొదట నిదానము, పిదప చికిత్స అని మన వైద్యులు చెప్పిన క్రమము. మాధవకరుని మాధవనిదానము వంటి గ్రంథము రోగమును గుర్తించుటకే వెలసినది; ఔషధముల మాట దానిలో లేదు. మరి యీ యంత్రమునకు నిదానము చేసినవారెవరు? ఎవరును లేరు. చికిత్స మాత్రము ధరతో సహా నిర్ణయింపబడినది.

గ్రాఫిక్సు కార్డు చేయు పని యేమన, ప్రాసెసరు క్లిష్టమైన పనులను కొన్ని చేతులతో వేగముగా చేయును. కార్డులోని చిప్పునందు చిన్న చిన్న గణకములు వందలకొలది యుండి, తెరపై నుండు చుక్కల లెక్కలను పంచుకొని ఒక్కమారుగా చేయును. పైన చెప్పిన కార్డునందు ఇట్టివి 768 కలవు. పత్తిచేనిలో కూలీల వరుస సాగినట్లు వీని పని సాగును. వరుస మందగించినచో కారణములు పలువిధములు. కూలీలకు పనియే చెప్పకపోయి యుండవచ్చును; ఎండకు సొమ్మసిల్లి యుండవచ్చును; ఏరిన పత్తి మోయుటకు బండి రాకపోయి యుండవచ్చును. ఏది యైనను దూరమునుండి చూచువారికి “చేను కదలుట లేదు” అనియే తోచును.

కారణమును పట్టుటకు తర్కశాస్త్రమున చక్కని యుపాయము కలదు. అన్నంభట్టు తర్కసంగ్రహమును చిన్ననాట వల్లించిన సోదరీమణులకు అన్వయవ్యతిరేకములు జ్ఞప్తియందుండును. ఇది యున్నచో అది యున్నది. ఇది లేనిచో అది లేదు. యంత్రమునకు ఇంతకంటె మంచి పరీక్ష వేరొకటి లేదు. ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. చేసి, అదే బొమ్మను అదే విధముగా మరల తయారుచేయించి, గడియారము చూచి కాలమును నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. తరచుగా జరుగునది దీనికి విరుద్ధము. దుమ్ము దులిపి, డ్రైవరు మార్చి, ర్యాము తీసి పెట్టి, నాలుగు పనులను ఒకేమారు చేయుదురు. బాగైనచో దేనివలన బాగైనదో తెలియదు. బాగుకానిచో దేనిని చెరచితిమో తెలియదు.

నేను వారింటికి పోయి, ఆ పిల్లచేతనే పరీక్ష చేయించితిని. కీబోర్డుపై కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడు మీటలను ఒక్కమారుగా నొక్కినచో విండోసునందు టాస్కు మేనేజరు తెరచుకొనును. దానిలో పెర్ఫార్మెన్సు అనుచోట ప్రాసెసరు ఎంత శ్రమపడుచున్నదో, కార్డు ఎంత శ్రమపడుచున్నదో వేరువేరుగా కనబడును. కార్డు యొక్క ఉష్ణోగ్రత కూడ అక్కడనే చూడవచ్చును. ఇంతకంటె వివరముగా తెలుపు జీపీయూ-జడ్ అను చిన్న సాఫ్టువేరు ఉచితముగా దొరకును; దానిని కూడ తెచ్చుకొంటిమి. బొమ్మ తయారగుచుండగా చూచితిమి గదా, ప్రాసెసరు నూటికి నూరుపాళ్లు పనిచేయుచున్నది. కార్డు చేతులు ముడుచుకొని కూర్చున్నది!

బ్లెండరునందు తుది చిత్రమును కార్డుచేత చేయింపవలెనన్నచో ఆ సంగతిని మనము చెప్పవలెను. ప్రిఫరెన్సులలో సిస్టము అనుచోట కార్డును ఎంచి, పిదప ఆ బొమ్మకు చెందిన రెండరు అమరికలలో డివైసు అను పదమున కెదురుగా సీపీయూకు బదులు జీపీయూ అని మార్చవలెను. మార్చనిచో పని యంతయు ప్రాసెసరుపైననే పడును. ఆ యొక్క మార్పుతో 52 నిమిషముల బొమ్మ 19 నిమిషములకు దిగినది. పిల్ల ముఖము వికసించినది. అయిననూ నేను లేవనీయలేదు. వెంటనే అదే బొమ్మను మరల చేయించగా 27 నిమిషములు పట్టినది. పని అదియే, యంత్రము అదియే, కాలము మాత్రము పెరిగినది. చూడగా కార్డు 91 డిగ్రీలకు చేరినది.

ఇక్కడ వేడిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. మా ప్రాంతమువారికి ముఖ్యమైన కారణము ఇదియే. ఈ చిప్పులు తమ్ము తాము కాపాడుకొను నేర్పు గలవి. ఒక మేరకు మించి వేడెక్కినచో తమ వేగమును తామే తగ్గించుకొనును. ఈ తరము ఎన్విడియా కార్డులలో సాధారణముగా 83 డిగ్రీల చేరువనుండి ఈ తగ్గుదల మొదలగును. అందుచేత ఉదయము చల్లగా నున్నపుడు బాగుగా నడచి మధ్యాహ్నము మందగించు కార్డును, మొదటి పది నిమిషములు పరుగిడి పిదప ఈడ్చుకొనిపోవు కార్డును ముందుగా వేడి విషయమున అనుమానింపవలెను. గది వేడి కార్డు వేడికి పునాది. పనిచేయునపుడు గదికంటె 40 డిగ్రీలు హెచ్చు వేడెక్కు కార్డు, 25 డిగ్రీల గదిలో 65కు చేరును. మా వైశాఖమాసపు గదిలో 42 ఉన్నచో 82కు చేరును. దుమ్ము కూడ చేరినదా, ఆ 40 కాస్తా 50 అగును. అప్పుడు లెక్క చూచుకొనుడు.

దుమ్మున్నదా అని మా ప్రాంతమున ఎవరును అడుగనక్కరలేదు. నాపరాతి పొడి, సిమెంటు, బొగ్గు, బూడిద మోయు లారీలు ఒకవైపు. ఎండకాలమున పగిలి లేచు రేగడినేల ధూళి ఒకవైపు. నాపబండలు పరచిన యిల్లు రెండుపూటల తుడిచినను కాలికి పొడి తగులును. ఆ యంత్రమున్న చోటు వంటింటి వాకిలి ప్రక్కన. తాళింపు పొగలోని నూనె జిడ్డు ఈ పొడితో కలిసి ఫ్యాను రెక్కలపైనను, దాని క్రిందనున్న అల్యూమినియపు పలుచని రేకుల నడుమను కంబళివలె పట్టియున్నది. గాలి చొరవలసిన సందులలో గాలి లేదు.

శుభ్రపరచు విధము చెప్పెదను. ముందు యంత్రమునాపి, ప్లగ్గును గోడనుండి పెరికివేయవలెను. స్విచ్చి కట్టుట మాత్రమే చాలదు. పిదప క్యాబినెట్టు యొక్క లోహభాగమును ఒకమారు చేత తాకవలెను. మన దేహముననుండు స్థిరవిద్యుత్తు ఆ విధముగ తొలగును. తడిగుడ్డ తాకించవలదు. రాతిపొడి, సిమెంటుపొడి తడిసి గట్టిపడినచో కథ మారును. ఎండిన మెత్తని కుంచెతోను, చేతి బ్లోయరుతోను గాలి కొట్టి పొడిని వెడలగొట్టవలెను. ఈ పనిని పెరటిలోనో వసారాలోనో చేయుట మేలు. లేకున్న ఆ దుమ్మంతయు బియ్యపు డబ్బాపైకి చేరును. గాలి కొట్టునపుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టి కదలకుండ నిలుపవలెను. ఊరక వదలినచో మితిమీరిన వేగముతో తిరిగి బేరింగు చెడును. తిరుగ బిగించిన పిమ్మట యంత్రమును వంటింటి వాకిటికి దూరముగా, గోడకు జానెడు ఎడముగా, నేలపై గాక బల్లపై నుంచితిమి.

మరల పరీక్షించితిమి. మొదటి బొమ్మకు 18 నిమిషములు, రెండవ దానికిని 18. ఉష్ణోగ్రత 74 దాటలేదు. చీటీ పాడనక్కరలేకపోయినది.

దులిపినను వేడి తగ్గనిచో చిప్పునకును రేకులకును నడుమనుండు పేస్టు ఎండిపోయి యుండును. కార్డు ఫ్యానును విప్పి, పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, క్రొత్తదానిని కందిగింజ ప్రమాణమున పెట్టవలెను. అప్పడమునకు నూనె రాచినట్లు విస్తారముగా పూయుట తప్పు. అలవాటు లేనివారు దీనిని మరమ్మతువానిచేతనే చేయించుట మంచిది. దగ్గర నిలిచి చూచుట మాత్రము మానవలదు.

తక్కిన కారణములను త్వరగా చెప్పెదను. వీనిలో మిక్కిలి హాస్యాస్పదమైనది మానిటరు కేబులు. నిలువు క్యాబినెట్టు వెనుక పైభాగమున మదర్‌బోర్డు రంధ్రములుండును. వానికి క్రిందుగా అడ్డముగా కార్డు రంధ్రములుండును. ఇల్లు తుడుచునపుడు ఊడదీసిన కేబులును పైరంధ్రమున గ్రుచ్చినచో, వేలు పోసి కొన్న కార్డు ఊరకుండగా మదర్‌బోర్డు వైపు సామాన్య చిత్రశక్తియే తెరను నడుపును. ఇల్లు మారిన తరువాత, సున్నము వేయించిన తరువాత కార్డు మందగించినదన్నచో ముందు దీనినే చూడుడు. డివైసు మేనేజరునందు కార్డు పేరునకు బదులు మైక్రోసాఫ్టు బేసిక్ డిస్‌ప్లే అడాప్టరు అని కనబడినచో డ్రైవరు లేదని యర్థము. దానిని కార్డు చేసిన సంస్థవారి సొంత స్థలమునుండియే తెచ్చుకొనవలెను. డ్రైవర్లను తామే వెదకి పెట్టుదుమని చెప్పు సాఫ్టువేరులను ఇల్లు చొరనీయవలదు. యంత్రము మందగించుటగాక ఉన్నట్టుండి ఆరిపోవుట, తనంత తాను మరల మొదలగుట జరిగినచో ఎస్‌ఎంపీఎస్ అనబడు విద్యుత్పేటికను శంకింపవలెను. కార్డు గ్రుచ్చు స్లాటునుండి 75 వాట్లకు మించి విద్యుత్తు రాదు. అంతకు మించి కోరు కార్డులకు పేటికనుండి వేరుగా తీగ కలుపవలెను. ఇక ఫైళ్లు తెరచుకొనుటకే ఆలస్యమైనచో ఆ దోషము చాలవరకు పాత హార్డుడిస్కుది. దానికి కార్డును నిందించుట అన్యాయము.

ఇన్ని చూచినను కార్డు మార్చక తప్పనివారు కొందరుందురు. వారు ధరకంటె ముందు పేరును పరిశీలింపవలెను. జీటీ 1030 అను కార్డు 2017లో జీడీడీఆర్5 అను జ్ఞాపకశక్తితో వచ్చినది. 2018లో అదే పేరుతో డీడీఆర్4 గల వేరొక కార్డు వెలువడినది. మొదటిది క్షణమునకు 48 జీబీల చేరువ సమాచారమును మోయగా, రెండవది 17 జీబీలకైనను చాలదు. పెట్టెపై పేరొక్కటే గనుక డీడీఆర్4 అను చిన్నయక్షరములను చదివియే కొనవలెను. పాతబజారులో ఇంకొక మోసము కూడ కలదు. పాతకాలపు కార్డులోని సాఫ్టువేరును మార్చి, 1050 టీఐ యని చూపునట్లు చేసి అమ్మువారున్నారు. 2018నుండి జీపీయూ-జడ్ అట్టి కార్డులనేకమును గుర్తించి, పేరునకు ముందు ఫేక్ అని చూపుచున్నది. సొమ్ము చేతికిచ్చుటకు ముందే అంగడివానిచేత దానిని తెరపించి చూడవచ్చును. వాడు విసుగుకొనినచో వేరొక యంగడికి పోవుడు.

పాత యంత్రములో క్రొత్త కార్డు పెట్టుటకు నేను సుముఖురాలను గాను. ఎన్విడియావారు 1050 టీఐ తరమునకు ఆటల కొరకైన క్రొత్త డ్రైవర్లను 2025 అక్టోబరుతో ముగించి, భద్రతా సవరణలను మాత్రము 2028 అక్టోబరు వరకు ఇచ్చెదమని ప్రకటించిరి. విండోసు 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో నిలిచినది. విండోసు 11 యొక్క అధికార పట్టికలో ఇంటెల్ నాలుగవ తరము ప్రాసెసర్లు లేవు. కావున పద్దెనిమిది వేలు ఈ యంత్రమున పోయుట పాతగోడకు క్రొత్త ద్వారబంధము వంటిది. చదువు ముగిసి ఆ పిల్ల సంపాదనలో పడువరకు దీనిని దులుపుకొనుచు నడుపుకొని, పిదప మొత్తముగా వేరొక యంత్రమును కొనుట మేలని తల్లితో చెప్పితిని. ఈ కార్డునందు నాలుగు జీబీల చోటు మాత్రమే కలదు. చెట్లు, కొండలు గల పెద్ద దృశ్యము దానిలో పట్టలేదు. పిల్ల గండికోట లోయను కూర్చుచు, దూరపు బండల చిత్రములను సగము పరిమాణమునకు తగ్గించి, ముందు వరుసను వేరుగా చేయుచున్నది. దులుపుటకు తిరిగి వచ్చు తేదీని తల్లి గోడ క్యాలెండరుపై, గ్యాసు సిలిండరు తేదీ ప్రక్కన వ్రాసికొన్నది.