‘ఇవాళ సముద్రం చేప లేదు’

చీరాల వెళితే మీరేం చేస్తారు? నాలుగు చీరల కొట్లు తిరిగి, కుప్పడం చీర ఒకటి బేరమాడి, కుదిరితే వేటపాలెం జీడిపప్పు కిలో సంచిలో వేసుకుని సాయంత్రం బండికి ఇంటికొచ్చేస్తారు. తెనాలి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ నేనూ అదే చేశాను. రెండేళ్ళుగా మాత్రం మా ఆడపడుచు పుణ్యమా అని ఇంకో ఏడు కిలోమీటర్లు అవతలకి, వాడరేవు దాకా వెళ్ళి రావడం అలవాటైంది. సముద్రం చూడ్డానికి కాదండోయ్, అన్నం తినడానికి!

“చేపల పులుసు కోసం అంత దూరమా? మనింట్లో పొయ్యి లేదా?” అన్నారు మావారు. మీ ఇంట్లోనూ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. పొయ్యి ఉంది, దాని ముందు నేనున్నాను, అదేగా సంగతి అన్నాను. ఆయనకి అర్థమైందో లేదో గానీ ఆటో మాత్రం పిలిచారు.

హోటలంటే పెద్దగా ఊహించుకోకండి. ఇంటి ముందు రేకుల పంచ, అందులో నాలుగు బల్లలు, చెయ్యి కడుక్కోవడానికి మూలన డ్రమ్మూ చెంబూ. వెనక సరుగుడు తోట. వంట ఇంట్లోనే, కట్టెల పొయ్యి మీద. నడిపేది ఒక అత్తా, కోడలూ. వచ్చినవాళ్ళంతా పెద్దావిడ్ని ‘అత్తా’ అనే పిలుస్తారు, నేనూ అంతే. ఆవిడ భర్త ఒకప్పుడు వేటకి వెళ్ళేవాడు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక గల్లా దగ్గర కూర్చుంటాడు. కొడుకు తెల్లారుజామునే ఒడ్డుకి వెళ్ళి, పడవలు రాగానే ఇసకలోనే జరిగే వేలంపాటలో ఆ రోజుకి కావలసిన చేప పాడుకుని వస్తాడు. కోడలు నాలాగే ఇంటర్ దాకా చదివింది. లెక్కలూ, పలక మీద రాతా ఆ అమ్మాయివి.

అన్నట్టు ఇక్కడో తమాషా చెప్పాలి. మీదే జిల్లా అని ఆ ఇంట్లో అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెబుతారు. మామగారు పుట్టినప్పుడు ఆ ఊరు గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం అయింది కనుక కొడుకు నోట్లో ప్రకాశమే ఆడుతుంది. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా కాబట్టి మనవరాలు బళ్ళో అదే రాస్తుంది. ఇల్లు మాత్రం కదిలింది లేదు!

మేం మొదటిసారి వెళ్ళింది సంక్రాంతి వెళ్ళిన వారంలో. విస్తరాకు వేసి, పప్పు, గోంగూర పచ్చడి, ఒక వేపుడు, ఆ తర్వాత పులుసు. పులుసు గిన్నె పట్టుకుని అత్త నా దగ్గరికి వచ్చి, “నీకు ఏ ముక్క ఇష్టమమ్మా?” అంది.

చెబితే నవ్వుతారేమో గానీ నాకు జవాబు తోచలేదు. ఇంట్లో నడుం ముక్కలు మావారికీ పిల్లలకీ, మెత్తటి పొట్ట ముక్క మా అత్తగారికీ వెళతాయి. అందరూ లేచాక గిన్నెలో మిగిలేది తోకముక్కా, కాస్త పులుసూ. ఎవరూ నాకు అన్యాయం చెయ్యలేదు, వడ్డించేవాళ్ళ వంతు ఎప్పుడూ అంతే. మీ ఇళ్ళలోనూ అంతేగా? కానీ ఏ ముక్క ఇష్టమో అడిగినవాళ్ళు కూడా ఎవరూ లేరు కనుక, నాకంటూ ఒక ఇష్టం ఉందా అనే ఆలోచనే రాలేదు. నేను తటపటాయిస్తుంటే ఆవిడే తలకాయ ముక్క వేసి, “దీన్ని తీరిగ్గా తినాలి, హడావిడి పడకు” అని చెప్పి వెళ్ళింది. అరగంట తిన్నాను. మావారు పెరుగన్నం కూడా ముగించి బయటికెళ్ళి దీపస్తంభం చూసి వచ్చారు, నేనింకా తింటూనే ఉన్నాను.

ఇక పులుసు విషయం. అడక్కుండా వస్తానా! ఆవిడ వాడేది వెడల్పాటి మట్టిదాక. చేప ముక్కలకి ఉప్పు, పసుపు, కారం ముందే పట్టించి పక్కన పెడుతుంది. నూనెలో మెంతులు నాలుగంటే నాలుగే వేసి, ఉల్లిపాయ ముద్ద పచ్చివాసన పోయి నూనె తేలేదాకా వేయిస్తుంది. ఆ తర్వాత పల్చటి చింతపండు పులుసు పోసి మరగనిస్తుంది. పులుసు సగం చిక్కబడ్డాకే ముక్కలు పడతాయి. పడిన తర్వాత గరిటె అన్నది దాకలోకి వెళ్ళకూడదు. రెండు చేతులా గుడ్డ పట్టుకుని దాకనే గుండ్రంగా ఒక తిప్పు తిప్పడమే. చేప త్వరగా ఉడికిపోతుంది కాబట్టి సన్న సెగ మీద పది నిమిషాలు చాలు. దించేముందు వేయించిన జీలకర్ర, ధనియాల పొడి, దంచిన వెల్లుల్లి, కొత్తిమీర. గరం మసాలా ఊసే లేదు. “మసాలా వేస్తే చేప ఎందుకు, వంకాయ వేసుకున్నా సరిపోతుంది” అంటుంది. నాకూ నిజమే అనిపించింది. పొద్దున పదింటికల్లా పులుసు దించేసి మధ్యాహ్నం దాకా కదపదు. ముక్కకి పులుపు పట్టాలంటే ఆ మాత్రం వ్యవధి ఉండాలి కదా.

చేప తినని అక్కచెల్లెళ్ళు పేజీ తిప్పెయ్యకండి. కార్తీకమాసంలో వాడరేవుకి సముద్రస్నానానికి వచ్చే జనం అంతా ఇంతా కాదు. అప్పుడు వీళ్ళు చేప వండినా తినేవాళ్ళు తక్కువ. దోసకాయ పప్పు, కందిపొడి, పులిహోర, ముక్కల పులుసు పెడతారు. అవీ బాగానే ఉంటాయి. అయితే వాటికి చేప మీద వచ్చినంత రాబడి ఉండదని కోడలు చెప్పింది.

ఇంతకీ ఈ వారం కలం పట్టుకున్నది వంట గురించి కాదు. మే నెల మొదటివారంలో మళ్ళీ వెళ్ళాం. గుమ్మంలో పలక మీద సుద్దముక్కతో ఇలా రాసి ఉంది: ‘ఇవాళ సముద్రం చేప లేదు. చెరువు రొయ్య, ఎండు నెత్తళ్ళు ఉన్నాయి.’

మీకు తెలిసే ఉంటుంది, మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పిల్లలయ్యే కాలమని ప్రభుత్వం ఆపుతుంది. ఇంజను లేని నాటు పడవలకి మినహాయింపు ఉంది గానీ, వాటికి పడేది ఎంతని! హోటలుకి చాలదు. అంటే ఈ కుటుంబానికి కార్తీకంలో ఒక నెల, ఎండాకాలంలో రెండు నెలలు, మధ్యలో తుపాను కబురు వస్తే పడవలు కదలని రోజులు, ఇవన్నీ పోగా మిగిలిన రోజుల్లోనే ఏడాదికి సరిపడా సంపాదించుకోవాలి. పైగా ఎండాకాలం సెలవుల్లోనే కదా సముద్రానికి జనం వచ్చేది!

మేం తింటుండగానే ఒక కారు ఆగింది. పిల్లా పాపా కలిసి ఏడెనిమిది మంది. “వంజరం ఫ్రై, చందువా పులుసు” అన్నారు. కోడలు పలక చూపించింది. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, సముద్రం పక్కన చేప లేకపోవడమేమిటని విసుక్కుంటూ వెళ్ళిపోయారు. ఆ పూట అది మూడో కారట.

కొడుక్కి ఒళ్ళు మండింది. వాళ్ళు మరో చోటికి వెళ్ళి వంజరం తినే పోతారు, అది ఐసు పెట్టెలో ఎక్కడ్నుంచి వచ్చిందో అడగను కూడా అడగరు అన్నాడు. అందులో అబద్ధం లేదు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మే నెలలో అటువైపు చేప ఐసులో ఇటు వస్తూనే ఉంటుంది. కోడలి పేర డ్వాక్రా అప్పు తీసుకుని డీప్ ఫ్రీజరు కొందామని అతని పట్టు. “మనం అబద్ధం చెప్పక్కర్లేదు, పలక తీసేస్తే చాలు” అంటాడు.

అత్త ఒప్పుకోదు. కోడలు ఇంకో రకంగా ఒప్పుకోదు. ఫ్రీజరు కొంటే కొందాం, కానీ పలక మీద ‘ఐసు చేప’ అని రాస్తాను, అప్పు నా పేర తీసుకుంటున్నప్పుడు రాత కూడా నాదే అంటుంది. నా ఎదుటే గొంతులు కాస్త లేచాయి. భోజనానికి వచ్చినవాళ్ళ ముందు ఏమిటిదని మామగారు గసిరాడు.

నన్నడిగితే నేను కోడలి పక్షం. ఐసు చేప పాపమేమీ కాదు, సరిగ్గా నిలవచేస్తే తినొచ్చు. తాజా పేరు పెట్టి అమ్మితేనే మోసం. పైగా ఇది రుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. కానాగంతలు, తూర వంటి చేపలు పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, దద్దుర్లు లేచి, తలనొప్పీ వాంతులూ పట్టుకుంటాయి. ఎంత ఉడికించినా, ఎంత వేయించినా అది పోదు. అందుకే ఎర్రటి మసాలా దట్టంగా పూసిన వేపుడుముక్క చూసి మురిసిపోకుండా, వండకముందు చేప చూపించమని అడగండి. కన్ను ఉబ్బుగా, మెరుస్తూ ఉండాలి. చెంప ఎత్తి చూస్తే లోపల ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. నీచు వాసన ముక్కు పగలగొడితే అక్కడ్నుంచి లేచి రండి. నిజాయితీగా నడిపేవాళ్ళు చూపించడానికి విసుక్కోరు.

ఆ ఇంట్లో నాకు కోడలి మాట నిలుస్తుందనే నమ్మకం ఎందుకు కలిగిందో చెబుతాను. డబ్బులివ్వడానికి మావారు గోడ మీద కాగితానికి ఫోను చూపించగానే, తెర మీద ఆడమనిషి పేరు వచ్చింది. కోడలిదే! గల్లా దగ్గర మామగారున్నా, ఫోనులో పడే డబ్బంతా ఆ అమ్మాయి ఖాతాకే. “వేలంపాటకి మావాడు దాన్ని అడిగి పట్టుకెళతాడు” అని అత్త నవ్వింది. కుటుంబం నడుపుకునే హోటలని మనం ముచ్చటగా అంటాం గానీ, చాలాచోట్ల దానర్థం ఇంటి ఆడవాళ్ళకి జీతం లేదనే. పొద్దున నాలుగింటికి లేచి అంట్లు తోమే చేతికి నెలాఖరున ఏమొస్తుందని అడిగితే, “మన ఇంటి పనికి జీతమేమిటి” అంటారు. ఈ ఇంట్లోనూ జీతం లేదు. ఖాతా ఉంది. తేడా లేదంటారా?

ఇక మన సంగతి. ఆ కారు వాళ్ళని తప్పు పట్టను, వాళ్ళకి వాడరేవంటే వంజరం అని ఎవరో చెప్పారు. కానీ ఆ తీరంలో తరతరాలుగా ఎండాకాలం తినేది వంజరం కాదు. వలలో మంచి పాటు పడిన రోజుల్లో నెత్తళ్ళు ఇసక మీద ఆరబోసి, వేట లేని రోజులకి దాచుకునేవారు. సరిగ్గా అప్పుడే మామిడికాయ వస్తుంది. కాబట్టి మే నెలలో అక్కడి అసలైన వంట మామిడికాయ, ఎండు నెత్తళ్ళ కూర. మేం ఆ రోజు తిన్నది అదే. తిన్నాక వంజరం మాట మావారే ఎత్తలేదు!

మీరు ఇంట్లోనూ చేసుకోవచ్చు. గుప్పెడు ఎండు నెత్తళ్ళకి తలలు గిల్లేసి, వేణ్ణీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, ఇసక పోయేదాకా మూడు నీళ్ళు కడగాలి. తడి పిండేసి, కాస్త నూనెలో ఎర్రగా వేయించి పక్కన పెట్టుకోండి. అదే నూనెలో ఉల్లిపాయలు, చీల్చిన పచ్చిమిరపకాయలు, కరివేపాకు వేగాక పసుపు, కారం, ఒక పుల్లటి మామిడికాయ ముక్కలు వేసి అరగ్లాసు నీళ్ళు పొయ్యాలి. ముక్క మెత్తబడే ముందు నెత్తళ్ళు కలిపి మూత పెట్టండి. ఉప్పు ఆఖర్న, రుచి చూసి మాత్రమే. చేపలోనే బోలెడు ఉంటుంది. బీపీ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళకి ఒక్క చెంచా చాలు. కిటికీలు తీసి వండండి, లేకపోతే పక్కింటి వదినగారు వాసన పట్టి గిన్నె తెచ్చేస్తారు.

వాడరేవు వెళ్ళాలనుకునేవాళ్ళు ఒంటిగంట లోపే చేరుకోండి, రెండు దాటితే దాక అడుగు కనిపిస్తుంది. ఆదివారం వద్దు. గుమ్మంలో పలక ఉంటే చదివి, ఆ రోజు ఉన్నదే అడగండి.

డీప్ ఫ్రీజరు మాట జూన్ 14 వెళ్ళాక చూద్దామని చివరికి రాజీకొచ్చారు. దాని కోసం ఖాళీ చేసిన మూలలో, మేం వచ్చేటప్పటికి, ఎండు చేపల బుట్టలు రెండు పెట్టి ఉన్నాయి.