పసినోట్లో తెల్లపూత

పెదకాకాని శివాలయానికి పుట్టువెంట్రుకలకూ అన్నప్రాశనకూ పిల్లల్ని ఎత్తుకొచ్చే కుటుంబాలు ఎన్నో. ఆ ముచ్చట్లకన్నా ముందు పురిటింట్లో తొలి నెల క్షేమంగా గడవాలి. ఆ రోజుల్లోనే ఒకనాడు బిడ్డ రొమ్ము పట్టినట్టే పట్టి వదిలేస్తుంది. గుక్కపెట్టి ఏడుస్తుంది. నోరు తెరిచి చూస్తే లోపల తెల్లటి పూత!

అది పాల చారే అయితే నాలుక మీదే ఉంటుంది, తేలిగ్గా పోతుంది. బుగ్గల లోపలా చిగుళ్ల మీదా అంగిట్లోనూ పెరుగు తరకల్లా అతుక్కుని ఉంటే మాత్రం నోటిపూత. కాండిడా అనే ఫంగస్ దీనికి కారణం. కాన్పు సమయంలో తల్లి నుంచి గానీ, ఆ తర్వాత రొమ్ము నుంచి, పాలసీసా పీక నుంచి గానీ బిడ్డకు చేరుతుంది. గీకితే రక్తం వస్తుంది.

పూతకన్నా మనం చేసే వైద్యమే ఒక్కోసారి ఎక్కువ చేటు. నీళ్లు పోసేటప్పుడు వేలు పెట్టి కళ్లె తీయడం, గుడ్డతో నోరు రుద్దడం కొన్ని ఇళ్లలో అలవాటు. దాంతో అంగిలి వెనక చెరోపక్కా పుండు పడొచ్చు. వియన్నా వైద్యుడు అలోయిస్ బెడ్నార్ పేరిట వీటిని ‘బెడ్నార్ పుండ్లు’ అంటారు. రుద్దడం ఆపితే సాధారణంగా వాటంతటవే మానతాయి.

ఇక వెలిగారం, తేనె. పీకకు ఈ మిశ్రమం రాసివ్వడంతో ఏడుగురు పసిపిల్లలకు ఫిట్స్ వచ్చినట్టు 1983లో బ్రిటన్ వైద్య పత్రికలో వచ్చింది. వెలిగారం లేకుండా ఒట్టి తేనె అయినా ఏడాది నిండేవరకూ నాకించకూడదు. అందులో ఉండే ఒకరకం బ్యాక్టీరియా వల్ల పసివాళ్లకు కండరాలు చచ్చుబడే ప్రమాదం ఉంది.

నిస్టాటిన్ చుక్కల వంటి మందులతో నోటిపూత తగ్గుతుంది. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడాలి. తల్లి రొమ్ముకూ పూత సోకితే ఇద్దరికీ ఒకేసారి వైద్యం చేయించాలి. లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరిగి అంటుకుంటుంది. పాలివ్వడం మానొద్దు. సీసా పీకలను మరిగించాలి. మిరపకాయల తొడిమలు తీసి వచ్చిన చేతుల్ని సబ్బుతో బాగా కడుక్కున్నాకే బిడ్డను తాకాలి.

పాలు బొత్తిగా తాగకపోయినా, జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా, నోటిలో నీటి పొక్కులు కనిపించినా ఇంటి వైద్యంతో పొద్దు పుచ్చొద్దు. గుంటూరు పెద్దాసుపత్రికో, దగ్గర్లోని పిల్లల డాక్టరు దగ్గరికో వెంటనే తీసుకెళ్లాలి.

పాలు తాగాక బిడ్డ మూతి తుడవాలనిపిస్తే, పెదవుల చుట్టూ అంటినవి తుడిస్తే చాలు. లోపలికి వేలు వద్దు.