పరిశ్రమ విద్యకు ఓనమాలు

పట్టా చేతికి వచ్చినంత మాత్రమున పని చేతికి వచ్చినట్లు కాదు. రసాయన పరిశ్రమల విషయములో ఈ మాట మరింత సత్యము. 1957లో విశాఖపట్టణమున చమురుశుద్ధి కర్మాగారము ప్రారంభమైన నాటినుండి, జీడిమెట్ల, పటాన్‌చెరు ప్రాంతములలోని ఔషధ పరిశ్రమల వరకు, తెలుగునాట ఎన్నో కర్మాగారములు వెలసినవి. వాటిలో రేయింబవళ్ళు షిఫ్టుల వంతున రియాక్టర్లను, పంపులను, వాల్వులను కనిపెట్టుకొని ఉండువాడు ప్రాసెస్ టెక్నీషియను. ఆ పనికి కావలసిన తొలి పాఠములు మన కళాశాలలోనే మొదలు కావలెనని మా అభిప్రాయము.

ఆ పాఠములు పైకి స్వల్పముగనే కన్పట్టును. ఉష్ణోగ్రత, పీడనము, ప్రవాహము, మట్టము: ఈ నాలుగింటిని చూడవలెను, వ్రాయవలెను, తేడా వచ్చినచో చెప్పవలెను. అయితే చూచుట అనగా అంకెను చదువుట మాత్రమే కాదు. 2020 మే 7వ తేదీన విశాఖ సమీపమున ఒక ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. ఆ ట్యాంకు అడుగున మాత్రమే ఉష్ణోగ్రతను కొలుచు ఏర్పాటు ఉన్నదనియు, పైపొరలలోని వేడి తెలియరాలేదనియు విచారణలో వెల్లడియైనది. మాపకము ఏమి చెప్పుచున్నదో తెలిసిన చాలదు. అది ఎక్కడినుండి చెప్పుచున్నదో కూడ తెలియవలెను.

వ్రాయుట ఇంకను ముఖ్యము. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో షిఫ్టు మారిన వేళ, విషరసాయనమున్న ట్యాంకులో పీడనము చదరపు అంగుళమునకు సుమారు 2 పౌనులనుండి 10కి పెరిగినది. పది అనునది సాధారణ పరిమితిలోనిదే కనుక ఎవరికిని అనుమానము కలుగలేదు. ఒక్క అంకెలో ప్రమాదము కానరాదు. రెండంకెలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినప్పుడే కానవచ్చును. లాగ్ బుక్కు ప్రయోజనమిదియే.

ఇచ్చట మన ప్రయోగశాలలను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. రావలసిన సమాధానమును ముందే తెలిసికొని, దానికి తగినట్లు రీడింగులను వ్రాసికొను అలవాటు మన విద్యార్థులలో చాలమందికి కలదు. రికార్డు చక్కగ ఉండును, మార్కులు వచ్చును. కాని అదే చేయి రేపు కర్మాగారపు లాగ్ బుక్కులో వ్రాయును. రికార్డు మార్కుల కొరకు. లాగ్ బుక్కు తరువాతి షిఫ్టువాని ప్రాణము కొరకు. తప్పు వచ్చిన రీడింగును వచ్చినట్లే వ్రాయు విద్యార్థికి మార్కులు తగ్గింపరాదని అధ్యాపకులకు మా మనవి.

ఇక చెప్పుట భాషతో కూడిన విషయము. భోపాల్ కర్మాగారములో సూచనల పుస్తకములు ఆంగ్లములో ఉండగా, దానిని బాగుగ చదువగలిగిన కార్మికులు కొద్దిమందియే. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము విజ్ఞానశాస్త్రములను ఉర్దూలో బోధించినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో శాస్త్ర పరిభాషను సమకూర్చినది. పీడనమనినను, దబావ్ అనినను ప్రమాదమొక్కటే. అర్ధరాత్రి ప్రక్కవానిని హెచ్చరించుటకు ఇద్దరికిని తెలిసిన మాటయే కావలెను.

టెక్నీషియను పని పట్టభద్రునికి తగదని భావించువారున్నారు. ఐ.టి.ఐ.లో ఇది రెండేండ్ల శిక్షణ గల వృత్తి. అప్రెంటిస్ చట్టము 1961 క్రింద చమురుశుద్ధి కర్మాగారములు బి.ఎస్సీ. చదివినవారిని కూడ ఈ శిక్షణకు తీసికొనుచున్నవి. యజమానుల నిర్లక్ష్యమును కార్మికుని శిక్షణ కప్పిపుచ్చరాదు. భోపాల్‌లో శీతలీకరణ యంత్రమును ఆపివేసినది ఆపరేటర్లు స్వేచ్ఛగ తీసికొన్న నిర్ణయము కాదు. అయినను, తెలిసినవాడు ప్రశ్నింపగలడు. తెలియనివాడు సంతకము మాత్రమే చేయగలడు.

కళాశాల కమిటీవారికి మా విన్నపము స్వల్పము. వారమునకొక గంట అనుభవజ్ఞుడైన ఆపరేటరుచే బోధన, విప్పి బిగించుటకొక పాత పంపు, రెండు మూడు వాల్వులు, తెలుగు ఉర్దూ భాషలలో భద్రతా పదముల పటము, ప్రయోగశాలలో ఒక లాగ్ బుక్కు: ఇవి సమకూర్చిన చాలును. వీటికి పెద్ద నిధులు అక్కరలేదు. పేద కుటుంబములనుండి వచ్చిన మన విద్యార్థులకు ఇవి జీవనోపాధికి దారి చూపును; ఆ దారిలో ప్రాణమును కాపాడుకొను నేర్పును కూడ ఇచ్చును.